నాంచారమ్మ తిక్క

తిరుపతిరావుగారికి వస్తే కోపం అంటారు. వీరయ్యకి వస్తే పౌరుషం అంటారు. తులసమ్మకి వస్తే పూనకం అంటారు. అదే నాంచారమ్మకి వస్తే తిక్క అంటారు.

ఆగిరిపల్లి అవతల తిరుపతిరావుగారి మామిడితోటలో ఈ మాటల్ని ఇలా పంచిపెట్టారు. ఎవరు పంచారో తెలియదు గాని, నీకేది కావాలని నాంచారమ్మని మాత్రం ఎవరూ అడగలేదు. తోట కాపలా వీరయ్యది, అతని తమ్ముడు పెద్దిరాజుది. నాంచారమ్మ వీరయ్య పెళ్ళాం, ఇంటికి పెద్దకోడలు. తులసమ్మ పెద్దిరాజు పెళ్ళాం, చిన్నకోడలు. అన్నదమ్ములవి ఎదురెదురు పాకలు. మధ్య వాకిట్లో వాళ్ళ తల్లి అంకమ్మ నులకమంచం. ఆ మంచం మీద కూర్చుంటే ఏ కోడలు ఏ కుండ దించుతున్నదీ కనిపిస్తుంది. అంకమ్మ అక్కణ్ణించి లేచిన రోజులు తక్కువ.

తిక్క అంటే ఏమిటని అడిగితే ఆ తోటలో కాయలేరే పిల్లలు కూడా చెబుతారు. కోపానికి ఒక కారణం ఉంటుంది. పిచ్చికి ఒక మందు ఉంటుంది. తిక్కకి ఆ రెండూ లేవు. ఉన్నట్టుండి రేగుతుంది, కాసేపు మనిషిని ఊపేస్తుంది, దానంతటదే దిగుతుంది. మళ్ళీ ఎప్పుడు రేగుతుందో చెప్పలేం, రేగుతుందని మాత్రం చెప్పగలం. అందుకే తిక్క రేగినవాళ్ళని ఎందుకమ్మా అని ఎవరూ అడగరు, పక్కకి తప్పుకుంటారు. ఆ మాటలో ఉన్న సుఖమంతా అదే, అనేవాళ్ళకి.

నాంచారమ్మకి అది పూతకాలంలో మొదలయ్యేది. పిందె దిగి, కాయ ముదిరి, కోతలయి, కాయల్ని వరిగడ్డిలో మాగవేసేదాకా ఉండుండి రేగుతూనే ఉండేది. ఒక ఏడు, కాయ కోసే చిక్కం గడని మోకాలికేసి రెండు ముక్కలు చేసింది. ఇంకో ఏడు, ఉడుకుతున్న అన్నం కుండ పొయ్యి మీంచి ఎత్తి వాకిట్లో బద్దలు కొట్టింది. ఆ పూట అందరూ పచ్చిమామిడి ముక్కలు నమిలి మంచినీళ్ళు తాగి పడుకున్నారు. వర్షాలు పడి తోట ఖాళీ అయ్యాక ఆమెంత నెమ్మదైన మనిషి చుట్టుపక్కల ఉండేది కాదు. అయినా ఆగిరిపల్లి సంతలో ఆమెని ఏడాది పొడుగునా తిక్కల నాంచారి అనే పిలిచేవారు.

కారణం లేకపోలేదు. ఆ కారణం తోటకి దక్షిణం కొసన పాత పెద్దరసం చెట్టు కింద ఉంది. నాంచారమ్మకి ఒకే ఒక్క కాన్పు అయింది, అదీ పూతకాలంలో. ఆడపిల్ల. పురిటిస్నానం కాకముందే పోయింది. అంకమ్మ ఆ పసిగుడ్డుని పాతచీర పేలికలో చుట్టుకుని ఆ చెట్టు వైపు వెళ్ళడం, చేతులకి మట్టితో తిరిగి రావడం పాక తడిక సందులోంచి నాంచారమ్మ చూసింది. ఆ తరువాత ఆ ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. పురిట్లో పోయిన బిడ్డ మాట ఎత్తకూడదు. ఎత్తితే అదే బిడ్డ మళ్ళీ వచ్చి మళ్ళీ పోతుందని వాళ్ళ నమ్మకం. పేరు లేదు, ఏడుపు లేదు, దినం లేదు. వీరయ్య కూడా ఎక్కడని అడగలేదు. నాంచారమ్మ మాత్రం మధ్యాహ్నం అందరూ నడుం వాల్చిన వేళ ఆ చెట్టు దగ్గరికి వెళ్ళి, నేల పైకి తేలిన రెండు వేళ్ళ మధ్య చదునుగా ఉన్న చోట కూర్చుని, నేలని అరచేత్తో నిమిరి వచ్చేది. చెప్పుకోవడానికి వీల్లేని దుఃఖం లోపల ఎంతకాలమని ఉంటుంది? కుండలు బద్దలయ్యేవి.

ఇక తులసమ్మ. ఆమెకి అసలు పిల్లలే లేరు. కాపరానికి వచ్చి చాలాకాలమైనా కడుపు పండకపోయేసరికి, పెద్దిరాజుకి రెండో సంబంధం చూద్దామని అంకమ్మ చాట్రాయి దాకా కబుర్లు పంపింది. ఆ ఏడు కోతలకి ముందు పోలేరమ్మ కొలుపు జరిగింది. తోట మొగదల వేపచెట్టు కింద ఉన్న రాయే పోలేరమ్మ. ఆమెకి కొలుపు జరగనిదే తోటలో ఒక్క కాయ కోయరు. డప్పులు వాయిస్తుండగా, మూల నిలబడ్డ తులసమ్మ జుట్టు విరబోసుకుని కేకపెట్టి మధ్యలోకి దూకింది. ఎదుట నిలబడాలంటేనే సిగ్గుపడే బావగారిని "ఒరే వీరిగా" అని పిలిచింది. ఇక అనుమానమేముంది? అందరూ చేతులు జోడించారు. చాట్రాయి సంబంధం అక్కడితో ఆగిపోయింది. అమ్మవారు పూనే మనిషి మీదికి సవతిని తెచ్చే ధైర్యం ఎవరికుంటుంది?

అప్పటినుంచి ఏటా కొలుపులో తులసమ్మకి పూనకం వచ్చేది. అంకమ్మ స్వయంగా చిన్నకోడలి కాళ్ళకి పసుపు రాసేది, కూర్చోబెట్టి తల దువ్వేది. చుట్టుపక్కల ఆడవాళ్ళు పిల్లల్ని తెచ్చి ఆమె చేత బొట్టు పెట్టించేవారు. కంట్రోలు దుకాణంలో గుడ్డకి కరువున్న ఆ రోజుల్లో తులసమ్మకి కొత్తచీర వచ్చింది, నాంచారమ్మ చిరుగులు కుట్టుకుంది.

నాంచారమ్మకి ఒళ్ళు మండిపోయేది. అది దాచుకోదగిన మంట కూడా కాదు. తులసమ్మ నీళ్ళు తోడుతుంటే ఆ చేద చప్పుడుకి మండేది, తులసమ్మ నవ్వితే మండేది, ఊరికే కూర్చున్నా మండేది. అదీ జుట్టు విరబోసుకుంటుంది, నేనూ విరబోసుకుంటాను. అదీ అరుస్తుంది, నేనూ అరుస్తాను. నిజానికి నా గొంతే పెద్దది. మరి దానికి హారతి ఏమిటి, నాకు చీవాట్లేమిటి? పొయ్యి ఊదుతూ, గడ్డి పరుస్తూ, కాయలు ఏరుతూ నాంచారమ్మ ఈ లెక్కే వేసుకునేది. ఎన్నిసార్లు వేసినా తులసమ్మ వాటాయే ఎక్కువగా తేలేది.

స్వరాజ్యం వచ్చాక రెండో వేసవి అది. కాయ కోతకి వచ్చింది. తిరుపతిరావుగారు గొడుగు వేసుకుని తోటంతా తిరిగి చూసి, దక్షిణం కొసన ఆగారు.

"ఈ పెద్దరసం ఏడాది విడిచి ఏడాది కాస్తోంది. కాసినా పిడికెడే. దీన్ని కొట్టించేద్దాం వీరయ్యా. రైలుకెత్తే కాయలకి పెట్టెలు చాలట్లేదు. పలకలైనా వస్తాయి," అన్నారు. "కొలుపు అయిన మర్నాడే చెట్టు కొట్టేవాళ్ళని రమ్మన్నాను."

తలమీద రాలుకాయల గంపతో వెనకే వస్తున్న నాంచారమ్మ ఆగిపోయింది.

"ఆ చెట్టు కొట్టొద్దయ్యగారూ," అంది.

"ఏం? ఎందుకు కొట్టొద్దు?" అన్నారాయన. మంచిగానే అడిగారు.

నాంచారమ్మ నోరు తెరిచింది. ఎత్తకూడని మాట గొంతులోనే ఉండిపోయింది. మొగుడి వంక చూసింది, అతను నేల చూస్తున్నాడు. ఆయన మళ్ళీ ఎందుకని అడిగారు. నన్నెవరూ ఎందుకని అడగరే అని ఇన్నేళ్ళూ ఏడ్చిన మనిషికి, అడిగిననాడు చెప్పడానికి వీల్లేకపోయింది. గంప ఎత్తి ఆయన కాళ్ళ ముందు విసిరికొట్టింది. రాలుకాయలు దొర్లుకుంటూ ఆయన చెప్పుల మీదికి వెళ్ళాయి. తరువాత ఏమేమి అరిచిందో ఆమెకే తెలియదు.

"దానికి తిక్కండీ. ఉండుండి రేగుద్ది. మీరేం అనుకోకండి," అన్నాడు వీరయ్య, కాయలు ఏరుతూ.

"అవునవును, విన్నాను," అని తిరుపతిరావుగారు గొడుగు సర్దుకుని వెళ్ళిపోయారు. చెట్టు సంగతి మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు. తిక్క అన్నాక మాట్లాడేందుకు ఏముంటుంది?

చెట్టుని ఆపగలిగే మనిషి ఒక్కతే ఉంది. ఆ సంగతి నాంచారమ్మకి తెలుసు, తెలిసినందుకే ఇంకా మంట. తులసమ్మ నోటితో అమ్మవారు ఒక్క మాటంటే గొడ్డలి లేవదు. అడుగుదామనే బయలుదేరింది. ఎదురుపాక గుమ్మం దాకా వెళ్ళింది. లోపల అంకమ్మ పీట మీద చిన్నకోడల్ని కూర్చోబెట్టి తలకి ఆముదం రాస్తోంది, "అమ్మ ఉన్న తల ఇది, జాగ్రత్తగా చూసుకోవాలి," అంటోంది. నాంచారమ్మ తలకి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఆముదం రాయలేదు. బాలింతగా ఉన్నప్పుడు కూడా రాయలేదు.

"ఏం అక్కా, ఏమైనా కావాలా?" అని తులసమ్మ అడిగింది.

"ఏం లేదు. నిప్పు ఉందేమోనని," అని నాంచారమ్మ వెనక్కి తిరిగింది. దాన్ని బతిమాలడం కన్నా చెట్టుతో పాటు నన్నూ కొట్టడం నయం అనుకుంది. నాలుగడుగులు వేసేసరికి ఇంకో ఆలోచన వచ్చింది. అమ్మవారు అందరికీ అమ్మే కదా, ఆవిడ చిన్నకోడలి సొత్తేమీ కాదు కదా. ఇన్నాళ్ళూ ఆమె మీదికి వచ్చింది, ఈసారి నా మీదికి వస్తే తప్పేమిటి? రాకపోతే వచ్చినట్టు ఊగుతాను. కళ్ళు పోతే నావే పోతాయి.

తులసమ్మ ఎలా చేసేదో నాంచారమ్మకి తెలిసినంత బాగా తులసమ్మకే తెలియదు. ప్రతి కొలుపులోనూ రెప్ప వేయకుండా చూసిన మనిషి ఆమె. అసూయతో చూసే చూపుకి ఏదీ తప్పిపోదు. ముందు మెడ ఒక పక్కకి వాలుతుంది. తరువాత పళ్ళు కొరుకుతుంది. మడమలు నేలకి ఆనవు. వేపమండ పుచ్చుకుంటే వేళ్ళు బిగుసుకుంటాయి. తోటలో ఎవరూ లేని చోట నాంచారమ్మ ఇవన్నీ చేసి చూసుకుంది. బాగానే కుదిరింది. అరవడం నేర్చుకోనక్కర్లేకపోయింది.

కొలుపు నాడు పొద్దు వాలకముందే జనం చేరారు. రాయికి పసుపు పూసి కుంకుమ పెట్టారు. అంబలి బిందెలు దించారు. డప్పుల జోరు పెరిగింది. అందరి కళ్ళూ తులసమ్మ మీదే ఉన్నాయి. అప్పుడు, ఆమె మెడ ఇంకా వాలకముందే, పక్కనుంచి నాంచారమ్మ కేక పెట్టింది.

ఆ కేకకి డప్పు కొట్టేవాళ్ళే ఒక దెబ్బ తప్పారు. నాంచారమ్మ జుట్టు విప్పుకుని, పళ్ళు కొరుకుతూ, మునివేళ్ళ మీద ఊగుతూ మధ్యలోకి వచ్చింది. జనం వెనక్కి జరిగారు. ఎవరో ఆడమనిషి ఆమె కాళ్ళ మీద పసుపునీళ్ళు పోసింది. ఆ చల్లదనం తగిలేసరికి నాంచారమ్మకి ఒళ్ళంతా పులకరించింది. ఇన్నేళ్ళూ తులసమ్మ కాళ్ళకి తగిలిన నీళ్ళు ఇవేనన్నమాట అనుకుంది.

ఇంటి పెద్దగా వీరయ్య కర్పూరం పళ్ళెం పట్టుకుని ముందుకి వచ్చాడు.

"ఎవరు తల్లీ నువ్వు?"

"పోలేరమ్మని."

"ఏం కావాలి తల్లీ?"

"దక్షిణం కొసన పెద్దరసం చెట్టు నాది. దాని మీద గొడ్డలి పడితే ఊరుకోను."

జనం గుసగుసలాడారు. తిరుపతిరావుగారు చెప్పులు విడిచి ముందుకి వచ్చి చేతులు జోడించారు. నాంచారమ్మ గుండె పొంగింది. అయిపోయింది, చెట్టు దక్కింది అనుకుంది.

వీరయ్య పళ్ళెం ఇంకా దించలేదు. కొత్తగా పూనినవాళ్ళని ఒక మాట అడగడం ఆనవాయితీ. "నిజంగా అమ్మవే అయితే నేనెవర్నో చెప్పు. పేరు పెట్టి పిలువు తల్లీ," అన్నాడు.

నాంచారమ్మ ఈ సంగతి ఆలోచించనే లేదు. మెడ నేర్చుకుంది, మడమలు నేర్చుకుంది, మొగుడి పేరు పలకాల్సి వస్తుందని మాత్రం తట్టలేదు. మొగుడి పేరు పెళ్ళాం నోట వస్తే అతని ఆయుష్షు తరుగుతుందని ఆమె తల్లి చెప్పింది, తల్లికి వాళ్ళ తల్లి చెప్పింది. పెళ్ళయిన నాటినుంచి ఒక్కసారి కూడా ఆ పేరు ఆమె నోట రాలేదు. అమ్మవారికి మొగుడేమిటి, వరసేమిటి, పిలిచెయ్యాలి. పెదవులు బిగించింది, మళ్ళీ విప్పింది. ఎదురుగా వీరయ్య ముఖం, కర్పూరం వెలుగులో, చెమటతో, కొంచెం భయంగా కనిపించింది. ఆ మనిషి ఆయుష్షు మీద ఆమెకి ఇంకా ఆశ ఉంది.

"ఏమయ్యా, నువ్వు..." అంది.

తరువాత ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు మొదలైంది.

"అమ్మవారట, మొగుణ్ణి ఏమయ్యా అంటోంది," అన్నారెవరో. "తిక్కల నాంచారికి ఇదో కొత్త తిక్క."

అంకమ్మ జుట్టు పట్టుకుని పక్కకి లాగింది. "అమ్మ పేరు పెట్టుకుని ఆటలాడతావే? తిక్క కుదిరిందా ఇప్పుడు?" అంది. తిరుపతిరావుగారు వెనక్కి వెళ్ళి చెప్పులు తొడుక్కున్నారు. నాంచారమ్మకి ఆయన కాళ్ళు చెప్పుల్లోకి దూరడం ఒక్కటే కనిపించింది. చెట్టు పోయింది.

అప్పుడు లేచింది తులసమ్మ. మెడ వాలడం లేదు, పళ్ళు కొరకడం లేదు. లేవడమే ఒక అరుపుతో లేచింది. మనుషుల్ని తోసుకుంటూ తిన్నగా తోట ఆసామి ముందుకి వెళ్ళి నిలబడింది.

"ఒరే తిరపతీ. పెద్దది చెప్పింది వినబడలేదురా? ఆ చెట్టు నాదిరా. దాని ఆకు రాలినా నీ ఇల్లు రాలిపోద్ది. ఒరే వీరిగా, ఒరే పెద్దిగా, విన్నారా?"

తిరుపతిరావుగారు తొడుక్కున్న చెప్పులు మళ్ళీ విడిచారు. "తప్పయింది తల్లీ. ముట్టుకోం," అన్నారు. డప్పులు మోగాయి. హారతి తులసమ్మకి అందింది.

నాంచారమ్మ వేపచెట్టు మొదట్లో చతికిలబడి చూసింది. ముందు ప్రాణం లేచి వచ్చింది, నా బిడ్డ చోటు నాకు దక్కింది అనుకుంది. ఆ సంతోషం కళ్ళు తుడుచుకునేంత సేపే నిలిచింది. నేను చెప్పిన మాటే, అక్షరం పొల్లుపోకుండా అదే మాట, దాని నోట వస్తే దణ్ణాలు పెట్టారు. ఇంతకీ అది అమ్మవారా, తులసమ్మా? ఎంత చూసినా నాంచారమ్మకి తేలలేదు. ఏదైనా సరే, తనది కాదు.

ఆ తరువాతే అసలు బాధ మొదలైంది. మర్నాటికి చెట్టుకి పసుపుగుడ్డ చుట్టారు. కింద పేడతో అలికి ముగ్గు పెట్టారు. ఉంగుటూరు నుంచి కూడా ఆడవాళ్ళు వచ్చి కొమ్మలకి దారాలు కట్టి వెళుతున్నారు. మధ్యాహ్నం నాంచారమ్మ అలవాటుగా వెళ్ళబోతే అంకమ్మ అరిచింది. "అమ్మ చెట్టు కిందికి ఎప్పుడు పడితే అప్పుడు పోకూడదు. అక్కడ తులసి చూసుకుంటుంది." నాంచారమ్మ ముగ్గుకి ఇవతల నిలబడింది. చెట్టు బతికింది గాని ఇప్పుడది తులసమ్మ చెట్టు. గొడ్డలి పడినా ఇంత దూరమయ్యేది కాదేమో.

అమ్మవారు కోరిన చెట్టుకి గద్దె ఉండాలని పెద్దిరాజు ఒకనాడు రాళ్ళు మోయించాడు. నాంచారమ్మ కాయల గంపతో అటు వచ్చేసరికి పలుగు పట్టుకుని పునాది తీస్తున్నాడు. రెండు వేళ్ళ మధ్య, చదునుగా ఉన్న చోట. ఒక పోటు దిగింది, మట్టి పైకి లేచింది. రెండో పోటుకి పలుగు ఎత్తాడు.

గంప ఎక్కడ పడిందో నాంచారమ్మకి తెలియదు. పలుగుని రెండు చేతులా పట్టుకుని వేలాడింది. గోళ్ళతో రక్కింది. మాటలు లేని కేకలు పెట్టింది.

"ఏంటి వదినా ఇది, వదులు," అంటున్నాడు పెద్దిరాజు.

"రేగింది మళ్ళీ తిక్క. పట్టుకోండ్రా దాన్ని," అని అంకమ్మ మంచం మీంచే కేకేసి, తరువాత లేచి వచ్చింది. రాళ్ళు మోసేవాళ్ళు ఇద్దరు నాంచారమ్మ రెక్కలు విరిచి పట్టుకున్నారు. వీరయ్య పరుగెత్తుకొచ్చి ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు.

అలుకు నీళ్ళతో వచ్చిన తులసమ్మ బిందె దించింది. "చేతులు తియ్యండి," అంది. పూనకం గొంతు కాదు, రోజూ మాట్లాడే గొంతే. అయినా వాళ్ళు వెంటనే తీసేశారు.

"అక్కకి తిక్క కాదు. పురిట్లో పోయిన పిల్ల అక్కడుంది. మీ అన్న కూతురు. ఆ పలుగు అవతల పడెయ్యి," అంది మొగుడితో.

"తులసీ, ఎత్తకూడని మాటే అది," అంది అంకమ్మ.

"ఎత్తకపోబట్టే కదా అత్తా, ఇన్నాళ్ళూ తిక్క అన్నాం."

అంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ చదును నేల వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ మట్టి తీసిన చేతులు ఆమెవే. వీరయ్య తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఇక్కడా?" అని అడిగాడు. తులసమ్మనే అడిగాడు. నాంచారమ్మ చూసింది, ఆ ప్రశ్న కూడా తన వైపు రాలేదు.

"ఇక్కడే," అంది నాంచారమ్మ, నేలమీద కూలబడి. పెళ్ళగించిన మట్టిని చేత్తో పోగు చేసి మళ్ళీ పూడ్చుకుంది. వీరయ్య వంగి ఒక పిడికెడు వేశాడు. వెయ్యగానే అతని ముఖం చెదిరిపోయింది, అటు తిరిగి నడిచి వెళ్ళిపోయాడు. ఒక్కొక్కరే కదిలారు. గద్దె రాళ్ళు అక్కడే ఉండిపోయాయి.

తులసమ్మ మాత్రం వెళ్ళలేదు.

"నా బిడ్డ సంగతి కూడా నీ నోటినుంచే రావాల్సొచ్చిందా?" అంది నాంచారమ్మ. కళ్ళనీళ్ళు కారుతున్నాయి, గొంతులో మంట ఏమీ తగ్గలేదు. "నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం నువ్వు ఇటొస్తుంటే నీ వెనకే వచ్చేదాన్నక్కా. ఆ చెట్ల చాటున నిలబడి చూసేదాన్ని."

"ఏం చూడ్డానికి?"

"నువ్వు నేలని నిమురుతుండేదానివి కదా, అది చూడ్డానికి. చూస్తే నాకు కడుపు మండిపోయేది. చూడకుండా ఉండలేకపోయేదాన్ని."

"నన్ను చూసి నీకు మంటా?"

"నీకు నిమురుకోడానికి ఇంత నేలన్నా ఉందక్కా."

నాంచారమ్మ ఆ కొత్తచీర, పసుపు కాళ్ళు, ఆముదం రాసిన తల, అన్నిటినీ ఎగాదిగా చూసింది. తరువాత కొంచెం పక్కకి జరిగి, తులసమ్మ కూర్చోవడానికి చోటిచ్చింది. తన చోటు మాత్రం ఇవ్వలేదు.